ఈసీజీ చదవడం నేర్చుకోవడానికి ఏ పద పజిల్ మంచిది?

నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి కిందటేడు నా దగ్గరికి ఒక గళ్ళనుడికట్టు పట్టుకొచ్చింది. ఇరవై రెండు ఆధారాలు, అన్నీ గుండె లయల గురించే. పావుగంటలో పూరించింది, ఒక్క తప్పు లేదు. మెచ్చుకుని, బల్ల సొరుగులోంచి ఒక రిథమ్ స్ట్రిప్ (గుండె లయను గీసిన ఈసీజీ కాగితం ముక్క) తీసి ఆమె ముందు పెట్టాను. పీ తరంగాలు (గుండె పై గదులవి) ఉన్నాయి, క్యూఆర్‌ఎస్‌లు (కింది గదులవి) ఉన్నాయి, మధ్యలో ఒకచోట పీ తరవాత ఖాళీ ఉంది. "ఇది ఏ లయ?" అని అడిగాను. చాలాసేపు చూసి, "ఎన్ని అక్షరాలు మేడమ్?" అంది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆమె చదవని పిల్ల కాదు. ఆ పజిల్ ఆమెకు నేర్పింది అదే: అక్షరాల లెక్క చూసి పేరు తట్టించుకోవడం. వార్డులో మానిటర్ అక్షరాల లెక్క ఇవ్వదు.

ఐసీయూలో చాలా ఏళ్ళు పనిచేసి ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. ఆ రోజు తరవాత చేతికి దొరికిన ప్రతి రకం పజిల్‌నూ తరగతిలో వాడి చూశాను. పద పజిళ్ళతో ఈసీజీ నేర్చుకోవచ్చా అంటే, తప్పకుండా నేర్చుకోవచ్చు. అయితే ఏ పజిల్ ఏ పని చేస్తుందో తెలుసుకుని ఎంచుకోవాలి. లేకపోతే నెల రోజులు కష్టపడి, స్ట్రిప్ ముందు మళ్ళీ మొదటికొస్తాం.

ఎంచుకునే ముందు

స్ట్రిప్ చదవడంలో మూడు పనులున్నాయి. మొదటిది లయల పేర్లు తెలియడం: ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఫ్లట్టర్, వెంకెబాక్, అసిస్టోల్ లాంటివి. రెండోది కొలవడం. కాగితం మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది కాబట్టి చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.20 సెకను. పీఆర్ వ్యవధి, అంటే పీ మొదలు నుంచి క్యూఆర్‌ఎస్ మొదలు వరకు పట్టే సమయం, 0.12 నుంచి 0.20 సెకన్ల వరకు ఉండాలి, అంటే మూడు నుంచి ఐదు చిన్న గళ్ళు. క్యూఆర్‌ఎస్ మూడు చిన్న గళ్ళకంటే సన్నగా ఉండాలి. మూడోది, అన్నిటికంటే కష్టమైనది, ఒకే పోలికతో కనిపించే రెండు లయలను విడదీయడం.

పద పజిల్ మొదటి పని సహజంగానే చేస్తుంది. రెండోదాన్ని, తయారుచేసినవారు శ్రద్ధ పెడితే చేస్తుంది. మూడోదాన్ని మాత్రం ఆధారం స్థానంలో బొమ్మ ఉంటే తప్ప చేయలేదు. కింద నేను చెప్పబోయే మంచిచెడ్డలన్నీ ఈ మాట చుట్టూ తిరిగేవే.

అయితే పజిల్ ఎందుకు, పుస్తకమే రెండుసార్లు చదివితే పోదా అని అడిగేవారుంటారు. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగాలు దీనికి సూటిగా జవాబు చెబుతాయి. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారు ఐదు నిమిషాల తరవాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరవాత మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయడం సాధన చేసినవారే ఎక్కువ చెప్పగలిగారు. కాబట్టి పజిల్ విలువ సరదాలో లేదు. మనసులోంచి జవాబును బయటికి లాగించడంలో ఉంది. అలా లాగించని పజిల్ ఎంత అందంగా ఉన్నా ఈ చదువుకు పనికిరాదు.

పదాల వేట

అక్షరాల గుంపులో దాగిన పదాలను వెతికి గీత చుట్టే ఆట ఇది. అంతర్జాలంలో ఉచితంగా దొరికేవాటిలో ఎక్కువ భాగం ఇవే, ఎందుకంటే తయారుచేయడం తేలిక. వెతకాల్సిన పదాల జాబితా పక్కనే ఉంటుంది. కన్ను అక్షరాలను పోలుస్తుంది, మనసు నిద్రపోతుంది. మొదటి వారంలో ఇంగ్లిషు వర్ణక్రమం అలవాటు కావడానికి ఒకటి రెండు చేయండి, అంతకు మించి వద్దు. తారుమారైన అక్షరాలను సరిచేసే ఆట దీనికంటే కాస్త నయం. పక్కన జాబితా లేదు కాబట్టి పదాన్ని గుర్తు తెచ్చుకోవాలి. కానీ అక్కడా గుర్తుకొచ్చేది పదమే తప్ప దాని లక్షణం కాదు.

వర్ణక్రమాన్ని నేను చులకన చేయడం లేదు. ఏట్రియల్ అంటే గుండె పై గది అయిన కర్ణికకు సంబంధించినది, ఆర్టీరియల్ అంటే ధమనికి సంబంధించినది. వినడానికి దగ్గరగా ఉంటాయి, కేసు షీటులో ఒకటి బదులు ఇంకొకటి పడితే అర్థమే మారిపోతుంది. ఫిబ్రిలేషన్ (గుండె గదులు క్రమం లేకుండా అదరడం) ఒక వ్యాధి, డీఫిబ్రిలేషన్ షాక్ ఇచ్చే ఒక చికిత్స. రాసేటప్పుడు చేయి తడబడే విద్యార్థులకు ఈ చిన్న ఆటలు నిజంగానే మేలు చేస్తాయి.

గళ్ళనుడికట్టు: అంతా ఆధారంలోనే ఉంది

గళ్ళనుడికట్టు 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ చేతిమీదుగా మొదలైంది. అప్పటికే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెం ఐంథోవెన్ తన తీగ గాల్వనోమీటర్‌తో మనుషుల గుండె తరంగాలను నమోదు చేస్తున్నాడు. రోగి రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టి కూర్చునేవాడు, ఆ నీళ్ళే ఎలక్ట్రోడులు. పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అనే పేర్లు స్థిరపడింది ఆయనవల్లే. ఆయనకు నోబెల్ బహుమతి 1924లో వచ్చింది.

ఈ చరిత్రను ఇక్కడ ఎందుకు చెప్పానంటే, దొరికే ఈసీజీ గళ్ళనుడికట్టుల్లో సగం ఆధారాలు ఇలాంటివే ఉంటాయి. "ఈసీజీకి ఆద్యుడైన డచ్ శాస్త్రవేత్త", "గుండె పై గది", "గుండె వేగంగా కొట్టుకోవడం". చదువుకోవడానికి హాయిగా ఉంటాయి, స్ట్రిప్ ముందు ఒక్కటీ అక్కరకు రాదు. గుండె వేగంగా కొట్టుకోవడాన్ని టాకీకార్డియా అంటారని తెలిసినంత మాత్రాన, అది సైనస్ టాకీకార్డియానా (మామూలు లయే వేగంగా నడవడం) ఫ్లట్టరా (కర్ణికలు అతివేగంగా కదలడం) అన్నది తేలదు.

ఒకే జవాబుకు రెండు ఆధారాలు ఎలా ఉండవచ్చో చూడండి. జవాబు వెంకెబాక్, ఇంగ్లిషులో పది అక్షరాలు.

మొదటి ఆధారం: "డచ్ వైద్యుడి పేరుతో పిలిచే హార్ట్ బ్లాక్."

రెండో ఆధారం: "పీఆర్ వ్యవధి వరసగా 0.20, 0.30, 0.36 సెకన్లు, ఆ తరవాతి పీకి క్యూఆర్‌ఎస్ లేదు, దాని తరవాత పీఆర్ మళ్ళీ 0.20."

మొదటిది జ్ఞాపకాన్ని అడుగుతుంది. రెండోది కొలతలను అడుగుతుంది, వాటి వరసలోని పోకడను అడుగుతుంది, చివర్లో కథ మళ్ళీ మొదలైందని గమనించమంటుంది. స్ట్రిప్ మీద మీరు చేసే పని కూడా ఇదే. వెంకెబాక్ 1899లో ఈ పోకడను పట్టుకున్నది కూడా ఇలాగే. అప్పటికి ఈసీజీ వాడుకలోకి రాలేదు, ఆయన నాడి తరంగాల మధ్య దూరాలు కొలిచి, అవి ఎలా మారుతున్నాయో చూసి నిర్ణయానికి వచ్చాడు.

అందుకే తయారుగా దొరికిన గళ్ళనుడికట్టును కొనేముందు గానీ, ముద్రించుకునేముందు గానీ ఏవైనా ఐదు ఆధారాలు చదవండి. వాటిలో కనీసం మూడు అంకెలతో గాని, తరంగాల వర్ణనతో గాని ఉంటే తీసుకోండి. లేకపోతే పక్కన పెట్టండి. బొమ్మలు, రంగులు, ఆధారాల సంఖ్య చూసి మోసపోవద్దు.

ఈ రకం పజిల్‌లో ఇంకో చిక్కుంది. అడ్డం నిలువు కలిసే గళ్ళలో అప్పటికే పడిన అక్షరాలు జవాబును మోసుకొస్తాయి. ఎఫ్ తరవాత ఎల్ కనిపించగానే ఫ్లట్టర్ అని తట్టేస్తుంది, ఆధారం చదవకుండానే. ఆటకు అదే అందం, చదువుకు అదే నష్టం. మా తరగతిలో ఒక నియమం పెట్టుకున్నాం: ముందు గళ్ళను మూసి, ఆధారం ఒక్కటే చదివి, జవాబును నోటుపుస్తకంలో రాయాలి. పక్కనే ఆ జవాబుకు కారణమైన లక్షణం ఒక్క ముక్కలో రాయాలి. తరవాతే గళ్ళు పూరించాలి. గళ్ళలో ఇమడకపోతే అప్పుడు ఆలోచన ఎక్కడ దారి తప్పిందో వెతకాలి. పావుగంట పని ముప్పావుగంట అవుతుంది, మిగిలేది కూడా అంతకంత ఎక్కువ.

తెలుగు గళ్ళా, ఇంగ్లిషు గళ్ళా?

ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి నర్సింగ్‌కో, పారామెడికల్ కోర్సులకో వచ్చే పిల్లలు చాలామంది. వాళ్ళకు కర్ణిక, జఠరిక, లయారంభకం తెలుసు. ఏట్రియం, వెంట్రికల్, పేస్‌మేకర్ కొత్త. గుండె ఎలా పనిచేస్తుందో తెలిసి కూడా, పేర్లు అడ్డొచ్చి తమకేమీ తెలియదనుకుంటారు. ఇలాంటి పిల్లలను చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

వీళ్ళకు తెలుగు ఆధారం, ఇంగ్లిషు జవాబు ఉండే గళ్ళు బాగా పనిచేస్తాయి. పూర్తిగా తెలుగు గళ్ళు కూడా ఒక దశ వరకు మంచివే. తెలుగులో ఒక్కో గడిలో గుణింతం, ఒత్తుతో సహా ఒక అక్షరం పడుతుంది. ఏట్రియంకు ఇంగ్లిషులో ఆరు గళ్ళు కావాలి, కర్ణికకు మూడు చాలు: క, ర్ణి, క. జఠరికకు నాలుగు. జఠరికను అడ్డంగా రాస్తే చివరి గడిలో క వస్తుంది, ఆ క నుంచే కర్ణిక నిలువుగా దిగుతుంది. కానీ ఇలా కలిసే జంటలు అరుదు. గుణింతం కూడా సరిపోవాలి కాబట్టి తెలుగులో పెద్ద ఈసీజీ గడినుడి అల్లడం చాలా కష్టం. దానికి తోడు లయల పేర్లన్నీ ఇంగ్లిషువే. ఫిబ్రిలేషన్‌ను తెలుగు గళ్ళలో ఇరికించి సాధించేది ఏమీ లేదు, కేసు షీటులో రాయాల్సింది ఇంగ్లిషులోనే. గుండె నిర్మాణం, విద్యుత్తు నడిచే దారి వరకు తెలుగు గళ్ళు వాడండి. లయల దగ్గరికి వచ్చేసరికి ఆధారం తెలుగు, జవాబు ఇంగ్లిషు.

ఎవరూ పట్టించుకోని అంకెల గళ్ళు

ఇది పద పజిల్ కాదని కొందరు అనవచ్చు. కానీ నేను వాడినవాటిలో తక్కువ సమయంలో ఎక్కువ ఫలితం చూపింది ఇదే. చిన్న గళ్ళ చట్రం, జవాబులన్నీ అంకెలు. ఆధారాలు ఇలా ఉంటాయి (ఆర్ అంటే క్యూఆర్‌ఎస్‌లో నిటారుగా లేచే ముల్లు): "ఆర్ నుంచి ఆర్‌కు నాలుగు పెద్ద గళ్ళు, రేటు ఎంత?" 300ను 4తో భాగిస్తే 75. "ఆర్ నుంచి ఆర్‌కు 25 చిన్న గళ్ళు?" 1500ను 25తో భాగిస్తే 60. "ముప్పై పెద్ద గళ్ళలో తొమ్మిది ఆర్‌లు, లయ క్రమం తప్పి ఉంది?" ముప్పై పెద్ద గళ్ళంటే ఆరు సెకన్లు, పదితో గుణిస్తే 90.

వారం రోజులు రోజుకు పది లెక్కలు చేస్తే 300, 150, 100, 75, 60, 50 అనే వరస ఎక్కాల్లాగా నోటికొస్తుంది. అప్పుడు స్ట్రిప్ చూడగానే ముందు రేటు పలుకుతుంది, తరవాత మిగతా ఆలోచన మొదలవుతుంది. రేటు ఒక్కటే కొన్నిసార్లు దారి చూపుతుంది. సన్నని క్యూఆర్‌ఎస్‌లు, క్రమమైన లయ, రేటు 150 దగ్గర కదలకుండా ఉంటే ఏట్రియల్ ఫ్లట్టర్ కోసం వెతకాలి. కర్ణిక నిమిషానికి దాదాపు 300 సార్లు కదులుతుంటే రెండింటిలో ఒకటే కిందికి దిగుతోందన్నమాట. ఈ ముక్కను వాక్యంగా చదివి మరిచిపోయిన పిల్లలు, గడిలో 150 రాసిన తరవాత మరిచిపోలేదు.

క్రమం తప్పిన లయకు 300 సూత్రం వాడకూడదని, ఆరు సెకన్ల లెక్కే వాడాలని కూడా ఈ గళ్ళు నేర్పుతాయి. రెండు రకాల ఆధారాలనూ కలిపి ఇవ్వాలి, అంతే.

పొడుపుకథలు

నాకు బాగా ఇష్టమైనవి ఇవి. గళ్ళు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, రాత్రి షిఫ్టులో టీ తాగుతూ కూడా ఒకరినొకరు అడగవచ్చు. హార్ట్ బ్లాకులు (కర్ణికల నుంచి జఠరికలకు విద్యుత్తు ఆలస్యంగా అందడం, లేదా అందకపోవడం) చెప్పడానికి నేను కట్టుకున్నవి కొన్ని చెబుతాను. వీటిలో ఇంటి గంట మోగడం పీ తరంగం, తలుపు తెరుచుకోవడం క్యూఆర్‌ఎస్.

గంట మోగిన ప్రతిసారీ తలుపు తెరుచుకుంటుంది, కానీ ప్రతిసారీ ఒకే ఆలస్యం. అది మొదటి డిగ్రీ బ్లాక్.

గంట మోగేకొద్దీ తలుపు ఇంకాస్త, ఇంకాస్త ఆలస్యం. ఒక గంటకు అసలు తెరుచుకోదు. తరవాతి గంటకు మళ్ళీ త్వరగా తెరుచుకుంటుంది. అది వెంకెబాక్, దానికే మోబిట్జ్ ఒకటో రకమని పేరు.

తలుపు ఎప్పుడూ వేళకే తెరుచుకుంటుంది. ఉన్నట్టుండి ఒక గంటకు జవాబు ఉండదు. అది మోబిట్జ్ రెండో రకం.

గంట తన మానాన మోగుతుంది, తలుపు తన మానాన తెరుచుకుంటుంది, రెండింటికీ పొంతన లేదు. అది మూడో డిగ్రీ, పూర్తి బ్లాక్.

ఇంటిముందు పదిమంది ఒకేసారి గంట నొక్కుతున్నారు, ఏ గంటా విడిగా వినిపించదు, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం. ఇది బ్లాక్ కాదు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్.

పొడుపుకథ బలమంతా పేరుతో పాటు కారణం కూడా చెప్పడంలో ఉంది. తలుపు దగ్గర నిలబడిన మనిషి ఎవరని అడిగితే కర్ణికా జఠరికా కణుపు అని పిల్లలే చెబుతారు. వెంకెబాక్‌లో ఆ మనిషి అలసిపోతున్నాడని, ఒక విశ్రాంతి దొరికాక తేరుకుంటున్నాడని వాళ్ళకే తోస్తుంది.

అయితే ఒక లోపాన్ని దాచకుండా చెప్పాలి. పొడుపుకథలో వెంకెబాక్ పెద్ద గొడవలాగా, మోబిట్జ్ రెండో రకం ఎప్పుడో ఒకసారి జరిగే చిన్న పొరపాటులాగా వినిపిస్తుంది. నిజం దానికి తలకిందులు. వెంకెబాక్ చాలామందిలో పెద్దగా ఇబ్బంది పెట్టదు, నిద్రలో ఆరోగ్యవంతులకు కూడా రావచ్చు. మోబిట్జ్ రెండో రకం ముందు హెచ్చరిక లేకుండా పూర్తి బ్లాక్‌కు దారితీయగలదు, చాలామందికి పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. అందుకే పొడుపుకథ విప్పిన వెంటనే "డాక్టరును ఇప్పుడే పిలవాలా?" అనే రెండో ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి. దానికి జవాబు చెప్పేదాకా పొడుపు విప్పినట్టు కాదు.

జతపరచండి

ఒకవైపు లయల పేర్లు, ఇంకోవైపు లక్షణాలు. పరీక్షల్లో అందరికీ అలవాటైనదే. ఐదుకు ఐదు ఇస్తే చివరి రెండు ఆలోచించకుండానే జతపడతాయి. కాబట్టి పేర్లు ఐదు, లక్షణాలు ఎనిమిది ఉండేలా చూసుకోండి. టార్సాడ్ పక్కన "మెలితిరిగే క్యూఆర్‌ఎస్‌లు", పొటాషియం పెరిగినదాని పక్కన "మొనదేలిన పొడవాటి టీ", వోల్ఫ్-పార్కిన్సన్-వైట్ పక్కన "పొట్టి పీఆర్, డెల్టా తరంగం" లాంటివి దీనికి సరిగ్గా సరిపోతాయి, ఎందుకంటే ఒక్కోదానికి చెరగని గుర్తు ఒకటి ఉంది. అలాంటి గుర్తు లేని లయలకు ఈ పద్ధతి పెట్టకండి.

స్ట్రిప్‌నే ఆధారంగా పెట్టిన పజిల్

ఒక్క రకమే ఎంచుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. గళ్ళనుడికట్టే, కానీ ఆధారాల చోట వాక్యాలు ఉండవు. అడ్డం 1 అంటే ఒకటో నంబరు స్ట్రిప్, నిలువు 2 అంటే రెండో నంబరు స్ట్రిప్. చూసి, కొలిచి, పేరు పూరించాలి. తయారుగా దొరకడం తక్కువ, మీరే చేసుకోవాలి. స్ట్రిప్‌లు ఎనిమిది చాలు. వాటిని ఎంచుకోవడంలోనే మెళకువంతా ఉంది: ఒకేలా కనిపించేవి పక్కపక్కన పెట్టాలి. ఫ్లట్టర్ పక్కన సైనస్ టాకీకార్డియా, వెంకెబాక్ పక్కన మోబిట్జ్ రెండు. అన్ని బ్లాకులూ ఒక రోజు, అన్ని టాకీకార్డియాలూ ఇంకో రోజు చేయడం కంటే కలిపి చేయడం మేలని కెనడా పరిశోధకులు 2003లో ఈసీజీ మీదనే చేసిన అధ్యయనంలో తేలింది. కలగలిపి సాధన చేసిన విద్యార్థులు కొత్త ఈసీజీలను ఎక్కువ సరిగ్గా గుర్తించారు. వార్డులో కూడా లయలు అధ్యాయాల వరసలో రావు కదా.

ఎనిమిదిలో ఒకటి తప్పనిసరిగా లయ కానిది ఉండాలి. ఎందుకో ఒక సంఘటన చెబుతాను. ఒక ఐసీయూలో తెల్లవారుజామున మానిటర్ అలారం మోగింది. తెరమీద వెడల్పైన, గజిబిజి తరంగాలు, చూడగానే వెంట్రిక్యులర్ టాకీకార్డియా (జఠరికల్లో పుట్టే ప్రమాదకరమైన వేగపు లయ) అనిపించేలా ఉన్నాయి. కొత్తగా చేరిన నర్సు డీఫిబ్రిలేటర్ ట్రాలీ వైపు పరుగెత్తింది. నేను మంచం దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆ పెద్దాయన దిండుకు ఆనుకుని కూర్చుని పళ్ళు తోముకుంటున్నారు. వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు తరంగం నిదానంగా, క్రమంగా నడుస్తోంది.

తరవాత ఆ స్ట్రిప్ ముద్రించి ఇద్దరం కూర్చున్నాం. ఒక తెల్ల కాగితం అంచును గజిబిజి మొదలుకాక ముందున్న రెండు ఆర్‌ల కింద పెట్టి పెన్నుతో రెండు గుర్తులు పెట్టాను. ఆ కాగితాన్ని మెల్లగా కుడివైపు జరుపుతూ పోతే, గజిబిజి నడుమ కూడా సరిగ్గా ఆ దూరంలోనే సన్నని ముల్లులాంటి ఆర్‌లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. లయ ఎక్కడా తప్పలేదు, చేయి కదలిక దాన్ని కప్పేసింది. ఆ అమ్మాయి తనే కాగితం తీసుకుని మళ్ళీ మొదటినుంచి జరిపి చూసుకుంది.

ఇప్పుడు నా పజిళ్ళన్నిటిలోనూ ఇలాంటి స్ట్రిప్ ఒకటి ఉంటుంది. ఒక ఆధారం మాత్రం ఎప్పుడూ మాటల్లోనే ఉంటుంది: "అలారం మోగగానే ముందు చూడాల్సింది, రెండు అక్షరాలు." జవాబు రోగి.

ఎవరికి ఏది

నర్సింగ్ మొదటి సంవత్సరం వారు, ఈసీజీ టెక్నీషియన్ కోర్సులో చేరినవారు తెలుగు ఆధారం, ఇంగ్లిషు జవాబు ఉన్న చిన్న గళ్ళనుడికట్టుతో, దానితో పాటే అంకెల గళ్ళతో మొదలుపెట్టండి. రెండు మూడు వారాలు చాలు. టెక్నీషియన్లు ఎలక్ట్రోడులు ఎక్కడ పెట్టాలో కూడా ఇదే పద్ధతిలో ఆధారాలుగా రాసుకోవచ్చు: "నాలుగో పక్కటెముకల సందు, రొమ్ముటెముకకు కుడి అంచు" అంటే వీ1, "అయిదో సందు, కాలర్ ఎముక మధ్య నుంచి దిగిన గీత మీద" అంటే వీ4. వీ1, వీ2 పైకి జరిగితే మంచి ఈసీజీ కూడా తప్పుదారి పట్టిస్తుంది.

ఐసీయూలో, క్యాజువాల్టీలో ఇప్పటికే పనిచేస్తున్నవారికి పేర్లు వచ్చు. వాళ్ళు మాటల పజిళ్ళమీద సమయం పెట్టనక్కర్లేదు. పొడుపుకథలు, స్ట్రిప్ ఆధారాల పజిళ్ళు వాళ్ళకు సరి. 108 అంబులెన్సులో తిరిగేవారు షాక్ ఇవ్వాల్సిన లయలు, ఇవ్వకూడనివి అనే విభజన మీదే పజిల్ కట్టుకోవాలి. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, నాడి లేని వెంట్రిక్యులర్ టాకీకార్డియా ఒకవైపు. అసిస్టోల్ (తరంగాలే లేని స్థితి), తెరమీద లయ ఉన్నా నాడి లేని స్థితి ఇంకోవైపు. ఈ నాలుగూ తడుముకోకుండా రావాలి. మిగతావి తరవాత.

పరీక్ష వారంలోపే ఉన్నవారు కొత్త పజిల్ తయారుచేయడానికి కూర్చోవద్దు, సమయం మింగేస్తుంది. జతపరచండి, అంకెల గళ్ళు రోజూ అరగంట చేయండి.

ఫోనులో ఆడాలా, కాగితం మీదా అని చాలామంది అడుగుతారు. పేర్ల వరకు ఫోను చాలు, బస్సులో కూడా చేసుకోవచ్చు. స్ట్రిప్ మాత్రం కాగితం మీదే. తెరమీద బొమ్మ వేళ్ళతో సాగదీసినప్పుడు గళ్ళూ సాగుతాయి, డివైడర్ ఆనించడానికి వీలుండదు, కాగితం అంచు జరిపి చూసే అలవాటు పడదు.

స్వయంగా పజిల్ కట్టుకునేవారికి ఒక జాగ్రత్త. వార్డులోంచి స్ట్రిప్ కావాలంటే ముందు ఇన్‌చార్జిని అడగండి. రోగి పేరు, నంబరు ఉన్న అంచును అక్కడే కత్తిరించి చించేయండి. యంత్రం ముద్రించిన రేటునూ, వ్యాఖ్యనూ వెనక్కి మడిచి అంటించండి, లేకపోతే కన్ను మొదట అటే పోతుంది. వేగం ముద్రించిన చోటు మాత్రం కనిపించేలా ఉంచండి. అక్కడ 25 బదులు 50 అని ఉంటే చిన్న గడి 0.02 సెకనే, మీరు కొలిచినవన్నీ సగానికి సగం మారిపోతాయి.